గ్యాసు హీటరు సెగ ముందర కాల్చుకొనుటకు ఇనుప జాలీ

కోడిపిల్లలను పెంచు షెడ్లలో బొగ్గుల కుంపట్లకును, కరెంటు బల్బులకును బదులుగా గ్యాసు హీటర్లను వాడు రైతులు మనలో చాలమంది కలరు. చలికాలపు రాత్రి షెడ్డువద్ద కావలి యుండువారికి, ఎఱ్ఱగా వెలుగుచున్న ఆ పలకను చూచినపుడు, దానిముందు రెండు మొక్కజొన్న కంకులో ఒక చేపయో కాల్చుకొనవలెనని బుద్ధి పుట్టుట సహజము. అట్టి బుద్ధి పుట్టరాదని చెప్పుట మా ఉద్దేశము కాదు. దానిని ఏ విధముగా చేసిన హీటరు చెడకుండును, మనిషికి అపాయము కలుగకుండును, పిల్లలకు నష్టము రాకుండును అను సంగతియే ఇచ్చట చెప్పదలచితిమి.

మేము చూచిన ఒక షెడ్డులో కావలివాండ్రు హీటరును వరండాలోనికి తెచ్చి, వెల్లకిల పరుండబెట్టి, ఇరుప్రక్కల ఇటుకలు పేర్చి, పాత ఫ్రిజ్జులోని తీగల అరను దాని ముఖముపై పెట్టి కోడిముక్కలు కాల్చినారు. ముక్కల నుండి కారిన క్రొవ్వు పలకపై పడి భగ్గుమని మండినది. భయపడి నీళ్లు చల్లగా ఎఱ్ఱగా కాగియున్న పలక నిలువున బీటలు వారినది. ఇది ఒక నష్టము. అంతకు మించిన నష్టము షెడ్డులో జరిగినది. ఆ గంటన్నర కాలము సెగ లేకపోవుటచే వారము దినములు కూడ నిండని పిల్లలు ఒక మూల గుంపుగూడి, ఒకదానిపై నొకటి ఎక్కి, అడుగున పడినవి ఊపిరాడక చచ్చినవి. తెల్లవారి రైతు వచ్చి చూచువరకు ఎవరికిని తెలియలేదు.

కావున మొదటనే ఒక మాట. మొదటి వారములో పిల్లల వద్ద 95 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఉండవలెను. ఆపై వారమునకు 5 ఫారెన్‌హీటు డిగ్రీల చొప్పున తగ్గించుచు రావలెను. ఈ దినములలో పిల్లల వద్దనున్న హీటరును ఏ కారణము చేతను కదల్పరాదు. కాల్చుకొనుటకు విడిగా ఒక హీటరు ఉన్నచో, లేక ఒక బ్యాచి అమ్ముడుపోయి మరియొక బ్యాచి రాకముందు హీటరు ఖాళీగా నున్నచో మాత్రమే ఈ పని తలపెట్టవలెను.

హీటరు పనిచేయు విధము

హీటరును గ్యాసుపొయ్యితో పోల్చుటవలననే తప్పులన్నియు జరుగుచున్నవి. పొయ్యి మంటను ఇచ్చును. హీటరు సెగను ఇచ్చును. పొయ్యిలో నీలపు మంట గిన్నె అడుగును నేరుగా తాకి వేడిచేయును. హీటరులో గ్యాసు సన్నని జెట్టు గుండ వేగముగా వచ్చుచు, తనతోపాటు గాలిని లాగుకొని, పింగాణి పలక వెనుకనున్న అరలో కలిసి, ఆ పలకలోని వందలకొలది సన్నని రంధ్రముల గుండ ముందునకు వచ్చి, పలక పైతలముననే మండిపోవును. ఆ వేడికి పలక 800 నుండి 900 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాగి ఎఱ్ఱబారి ఎండవలె సెగను ఎదుటికి విసరును. సెగ తగిలిన వస్తువు వేడెక్కును. మండిన గాలి పైకి పోవును.

ఈ పలకకు ఎదుట ఖాళీ చోటు ఉండవలెను. దాని ముఖముపై గిన్నెగాని పెనముగాని పెట్టినచో రెండు కీడులు కలుగును. మొదటిది, విసరిన సెగ తిరిగి పలక మీదికే కొట్టి, పలక వెనుకప్రక్క కూడ మితిమీరి కాగును. అపుడు ముందు మండవలసిన గ్యాసు వెనుకనున్న అరలోనే అంటుకొనును. దీనినే మంట వెనుకకు దిగుట అందురు. గుప్పుమను చప్పుడు, ఆపై బుసకొట్టునట్టి ధ్వని దీనికి గుర్తులు. వెంటనే గ్యాసు కట్టివేయనిచో లోపలి భాగములు కాలిపోవును. రెండవది, గాలి సరిగా ఆడక గ్యాసు సగము మండును. అట్లు సగము మండినపుడు మసితోపాటు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తము ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో దీనిని పట్టుకొనును. తలనొప్పి, తలతిరుగుడు, డోకు దీని మొదటి లక్షణములు. నిద్రలో నున్నవానికి అవియు తెలియవు.

పట్టణములలో షవర్మా అను మాంసపు వంటకము అమ్ము అంగళ్లను చూచినవారికి ఒక విషయము జ్ఞప్తికి రావచ్చును. అచ్చటను ఇట్టి పింగాణి పలకలే నిలువుగా నిలబెట్టియుండును. మాంసము పలకపై నుండదు. దాని ఎదుట, జానెడు దూరములో, ఒక ఇనుప చువ్వకు గ్రుచ్చియుండును. కారు క్రొవ్వు క్రిందనున్న పళ్లెములో పడునేగాని పలక మీద పడదు. మేము చెప్పబోవు జాలీయు ఈ పద్ధతిదే. జాలీ హీటరు మీద నుండరాదు. హీటరు ఎదుట, తన కాళ్లమీద తాను నిలువవలెను. హీటరుకు ఒక మేకుగాని, ఒక తీగగాని తగిలింపనక్కర లేదు.

ఏ హీటరు పనికివచ్చును

నేలమీద నిలువుగా నిలబెట్టి వాడుటకు చేసిన హీటరు మాత్రమే దీనికి తగినది. గొలుసులతో పైనుండి వ్రేలాడదీయు బ్రూడరును దించి గోడకు ఆనించి వాడుట మంచిది కాదు. దానిలో గాలి లాగుకొను మార్గము వ్రేలాడు స్థితికి తగినట్లుగా అమర్చబడియుండును. హీటరుతోపాటు వచ్చిన కాగితమును కూడ తీసి చదువవలెను. అందులో వంటకు వాడరాదని వ్రాసియున్నచో ఈ వ్యాసమును అంతటితో ప్రక్కనబెట్టి, కుంపటి రాజేసికొనుట ఉత్తమము. తయారు చేసినవానికి తన వస్తువు సంగతి మనకంటె ఎక్కువ తెలియును.

మంట ఆరిపోయినపుడు గ్యాసును తనంతట తానే కట్టివేయు ఏర్పాటు కొన్ని హీటర్లలో నుండును. పలక అంచున మంటలో మునిగియుండు చిన్న రాగి గొట్టము వంటిది దీని ముఖ్యభాగము. అది మసిపట్టినపుడు హీటరు వెలిగించిన కొంతసేపటికే ఆరిపోవుచుండును. అప్పుడు కొందరు దానిని తీగతో కట్టియో, మీటను నొక్కిపెట్టియో పని గడుపుకొందురు. అది ఎంతమాత్రమును తగదు. మసిని తుడిపించవలెను, లేక క్రొత్తది వేయించవలెను.

ఇక సిలిండరు. ఇంటివాడుకకు ఇచ్చు 14.2 కిలోల సిలిండరును కోళ్ల షెడ్డు వంటి వ్యాపారపు పనులకు వాడుట చట్టవిరుద్ధము. వ్యాపారమునకు 19 కిలోల సిలిండరు కలదు. చిన్నపనులకు బజారు ధరకు దొరకు 5 కిలోల సిలిండరు చాలును. హీటరుకు ఏ రెగ్యులేటరు చెప్పబడినదో దానినే వాడవలెను. ఒత్తిడి ఎక్కువైనచో మంట పలకను విడిచి పైకి ఎగురును. తక్కువైనచో వెనుకకు దిగును. మూడు కిలోవాట్ల హీటరు గంటకు సుమారు 230 గ్రాముల గ్యాసు త్రాగును. ఈ లెక్కన 5 కిలోల సిలిండరు 21 గంటలు వచ్చును. అన్నము, కూర వండుకొనుటకు ఇది చాల నష్టపు బేరము. గిన్నెతో చేయు వంటకు పొయ్యిని మించినది లేదు. సెగపై కాల్చుకొను వస్తువులకే ఈ హీటరు.

జాలీ తయారుచేయుట

దేనితో చేయవలెనను విషయమున రైతులు ఎక్కువ శ్రద్ధ వహింపవలెను. చేతికి దొరకినదెల్ల తిండి కాల్చుటకు పనికిరాదు. కోళ్ల బోనులకు, కంచెలకు వాడు తీగ జాలీకి తళతళలాడు జింకు పూత యుండును. జింకు 420 డిగ్రీల వద్ద కరగును. ఇంకను కాగినచో దాని పొగ పీల్చినవానికి మలేరియా వలె చలిజ్వరము వచ్చును. అంతవరకు కాగకపోయినను, నిమ్మరసము, చింతపండు పులుసు పట్టించిన ముక్కలు తగిలినపుడు జింకు ఆహారములోనికి దిగును. పాత ఫ్రిజ్జు అరలకు జింకుగాని, అంతకంటె చెడ్డదగు కాడ్మియంగాని పూసియుండవచ్చును. సైకిలు చువ్వలు, రంగువేసిన కిటికీ ఊచలు ఇట్టివే. పూత ఏమిటో తెలియనిదానిని వదలివేయుటయే మేలు.

ఇంటి స్లాబుల పనిలో మిగిలిన 6 మిల్లీమీటర్ల నల్లని ఇనుప చువ్వ మనకు సులభముగా దొరకును. స్టీలు చువ్వ దొరకినచో మరియు మంచిది. ముందుగా హీటరు పలక నిడివి, వెడల్పులను కొలువవలెను. జాలీ పలకకంటె అన్నివైపుల రెండు అంగుళములు పెద్దదిగా నున్న చాలును. అంతకు మించినచో అంచులలో పెట్టినవి పచ్చిగానే యుండును. చాల హీటర్లకు 30 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల ఎత్తుగల జాలీ సరిపోవును.

ఇట్టి చట్రములు రెండు కావలెను. ప్రతి చట్రములోను నిలువు చువ్వలను రెండు సెంటీమీటర్ల ఎడముగా కమ్మరిచేతగాని, వెల్డింగు షాపులోగాని అతికించవలెను. రెండు చట్రములను అడుగు అంచున స్టీలు తీగ ఉంగరములతో పుస్తకము అట్టలవలె కలుపవలెను. పై అంచున జారుడు ఉంగరము ఒకటి ఉండిన మధ్యనుంచిన కంకులు జారిపడవు. ఒక చట్రపు పైచువ్వను ఒకవైపు నాలుగు సెంటీమీటర్లు, రెండవవైపు మూరెడు పొడవుగా బయటకు విడువవలెను. ఈ మూరెడు భాగమే పిడి. దాని చివర కఱ్ఱ తొడుగు వేయవలెను. పిడిని పైకి ఎందుకు పెట్టరాదని అడుగవచ్చును. పలకవద్ద మండిన గాలియంతయు పైకి లేచును గనుక పైనున్న పిడిని పట్టుకొన్న చేయి కాలును. ప్రక్కకు ఉన్నచో చల్లగా నుండును.

జాలీని నిలబెట్టుటకు రెండు కాళ్లు కావలెను. 12 మిల్లీమీటర్ల చువ్వతోగాని, చిన్న ఇనుప యాంగిలుతోగాని వీనిని చేయవచ్చును. ప్రతి కాలికి పైకొనను కొక్కెమువలె వంచి, ఆ రెండు కొక్కెములలో జాలీ పైచువ్వ కూర్చుండునట్లు చేయవలెను. జాలీ తన బరువుకు తానే నిలువుగా వ్రేలాడును. కాళ్ల ఎత్తును నిర్ణయించునపుడు జాలీ నడిమిభాగము పలక నడిమిభాగమునకు సమముగా వచ్చునట్లు చూడవలెను. కాళ్ల అడుగున ముందుకు వెనుకకు జానెడు చొప్పున పోవు అడ్డచువ్వలను అతికించి, ఒక్కొక్కదానిపై ఒక ఇటుక పెట్టిన గాలికిగాని, కుక్క తగిలినగాని పడదు. మొదట ఇటుకలు పెట్టకుండ చేసిన జాలీ మా చేతిలోనే రెండుమారులు పడినది.

క్రింద క్రొవ్వు పట్టుటకు అంచు ఎత్తుగానున్న పాత పళ్లెమొకటి పెట్టి అందులో వ్రేలెడు లోతు నీళ్లు పోయవలెను. నీళ్లున్నచో కారిన క్రొవ్వు మండదు. జాలీ వెనుకవైపు సెగ పోకుండ రేకును అడ్డము పెట్టవలెనని కొందరికి తోచును. ఆ రేకు సెగను తిరిగి హీటరు మీదికి పంపును. గిన్నె పెట్టిన వచ్చు కీడే దీనివలనను వచ్చును. అల్యూమినియము కాగితము చుట్టుటయు ఇట్టిదే.

క్రొత్త జాలీని వెంటనే వాడరాదు. కట్టెల మంటలో ఎఱ్ఱబడువరకు కాల్చి, చల్లారిన పిమ్మట ఇసుకతోను కొబ్బరిపీచుతోను రుద్ది, కడిగి, ఆరబెట్టి, వంటనూనె పలుచగా పూసి మరియొకమారు వేడిచేయవలెను. చువ్వకు పట్టిన నూనె, చిలుము పోయి, తిరిగి తుప్పు పట్టదు.

నిలబెట్టు చోటు, వెలిగించు విధము

ఆరుబయట, చదునైన నేలపై, గాలి నేరుగా పలకకు కొట్టని చోట హీటరును నిలబెట్టవలెను. షెడ్డులోపల, పరదాలు దించిన వరండాలో, కావలి గదిలో, ట్రాక్టరు ట్రక్కు టార్పాలిను క్రింద వద్దు. షెడ్డులో పరచిన వరిఊక నిప్పురవ్వ పడిన చాలు, పైకి కనబడకుండ లోలోపల రగులుకొనుచు పోవును. గడ్డివాములు, ఊక బస్తాలు ఎంత దూరముగా నున్న అంత మంచిది. చలి వేయుచున్నదని హీటరును గదిలోనికి తీసికొనిపోయి, తలుపులు మూసికొని, దాని ప్రక్కన నిద్రించినవారు మరల లేవకపోయిన సంగతులు ప్రతి చలికాలము పత్రికలలో చూచుచునే యున్నాము. కాల్చుకొనుట ఐపోయిన పిమ్మట ఆ పొరపాటు జరుగుటకు అవకాశము ఎక్కువ. తినిన తరువాత నిద్ర వచ్చును గదా.

ఈ గ్యాసు గాలికంటె బరువైనది. ప్రొపేను ఒకటిన్నర రెట్లు, బ్యూటేను రెండు రెట్లు బరువు. కారిన గ్యాసు పైకి పోక నేలబారున ప్రాకి గుంటలలో, కాలువలలో నిలుచును. కావున గాలి రాదని గోతిలో పెట్టుట చాల ప్రమాదము. సిలిండరు హీటరు వెనుకవైపున, గొట్టము చాలినంత దూరములో, నిటారుగా ఉండవలెను. గ్యాసు అయిపోవచ్చినదని దానిని పరుండబెట్టుటగాని, తలక్రిందులు చేయుటగాని తగదు. అట్లు చేసిన గ్యాసుకు బదులు ద్రవము గొట్టములోనికి వచ్చును. ఆ ద్రవము ఒక పాలు సుమారు 250 పాళ్ల గ్యాసుగా ఉబ్బును. మంట బారెడు లేచును.

వెలిగించుటకు ముందు సబ్బు నురుగును అతుకులన్నిటికి పూయవలెను. బుడగ లేచినచో కారుచున్నదని గుర్తు. అగ్గిపుల్ల గీచి చూచుట పరీక్ష కాదు, ఆత్మహత్య. గొట్టము బీటలు వారినను, గట్టిపడినను, ఐదేండ్లు గడచినను మార్చవలెను. గ్యాసుకు సహజముగా వాసన లేదు; మనకు తెలియుటకే కుళ్లిన వాసన గల మందును అందులో కలుపుదురు. ఆ వాసన వచ్చిన వెంటనే సిలిండరు కట్టివేసి దూరముగా పోవలెను. ఆగకున్నచో 1906 నంబరుకు ఫోను చేయవచ్చును.

ఇన్నియు చూచుకొని వెలిగించిన పిమ్మట ఐదు నిముషములు ఊరక వదలవలెను. పలక అంతటను ఒకే తీరున ఎఱ్ఱబారవలెను. ఒకప్రక్క నల్లగానో, పచ్చని మంటతోనో యున్నచో జెట్టులో దుమ్మో, సాలెపురుగు గూడో ఉండవచ్చును. అట్టి హీటరుపై ఏదియు కాల్చరాదు.

కాల్చుట

జాలీని పలకకు జానెడు దూరమున నిలిపి, జాలీ ఉన్నచోట అరచేయి పెట్టి చూడవలెను. మూడు నాలుగు అంకెలు లెక్కించునంతలో చేయి తీయవలసివచ్చిన దూరము సరిపోయినదని తెలియవలెను. ఎంత తొందరయైనను పదిసెంటీమీటర్ల లోపలికి జరుపరాదు. దగ్గరగా పెట్టినది పైన మాడి లోపల పచ్చిగా మిగులును.

పాలు పోసికొన్న లేత మొక్కజొన్న కంకి దీనికి తగిన తిండి. పొత్తులను, పీచును పూర్తిగా ఒలిచివేయవలెను. పీచు అంటుకొని మండుచు పలకవైపు ఎగురును. జాలీని రెండు నిముషములకొకమారు త్రిప్పవలెను. త్రిప్పునపుడు పిడి ఒకమారు కుడికి, మరియొకమారు ఎడమకు వచ్చును. పచ్చడికి వంకాయ కాల్చువారు కత్తితో నాలుగైదు గాట్లు పెట్టుట మరువరాదు. గాటు లేని కాయ లోపలి ఆవిరికి పగిలి ముఖముమీదికి చిమ్మును. బొచ్చె, రాగండి వంటి చేపలను ముక్కలుగా కోసి, జాలీకి నూనె పూసి, కొంచెము దూరముగా కాల్చిన అంటుకొనకుండ వచ్చును. నూనె పూయుట జాలీని సెగ ఎదుటనుండి తీసిన తరువాతనే. చిలగడదుంప దీనికి పనికిరాదు. దానికి బూడిదలో కప్పిన నిప్పులే సరి.

కోడిమాంసమును ఎముక ప్రక్కన ఎఱ్ఱదనము పోయి, గుచ్చినపుడు తేటనీరు వచ్చువరకు కాల్చవలెను. షెడ్డులో జబ్బుచేసిన కోడినిగాని, చచ్చిన కోడినిగాని కాల్చి తినుట ఎన్నడును కూడదు. దానిని సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను.

మంట కట్టునపుడు ముందు సిలిండరు వద్ద కట్టి, గొట్టములోని గ్యాసు మండిపోయిన పిమ్మట హీటరు మీటను కట్టవలెను. పలక తనంతట తాను చల్లారవలెను. నీళ్లుగాని, తడిగుడ్డగాని తగులరాదు. చల్లారిన తరువాత దానిపై నూనె తుంపరలు ఏమైన పడినవేమో చూచి, పొడి కుంచెతో దులుపవలెను. జాలీని వేడిగా నున్నపుడే పీచుతో తోమి, నూనె రాసి, షెడ్డుకు దూరముగా వ్రేలాడదీయవలెను. క్రొవ్వు వాసనకు ఎలుకలు చేరును. హీటరును తిరిగి పిల్లల వద్దకు చేర్చుటకు ముందు బయటనే పావుగంట వెలిగించి, పలకలో వెండ్రుకవాసి బీటైనను ఉన్నదేమో చీకటిలో చూడవలెను. బీటయున్నచోట పలక మిగిలినదానికంటె ప్రకాశముగా గీతవలె కనబడును. అట్టి పలకను మార్చిన తరువాతనే క్రొత్త బ్యాచి పిల్లలను దింపవలెను.